బయటికొక పిలుపు

పన్నెండింటిలోపు కాగితాలు ఇచ్చేయమన్నారు. ఇప్పుడు పదకొండూ ఐదు. అంటే ఇంకా యాభై ఐదు నిమిషాలు ఈ పిల్లల బెంచీ మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఆలోచించుకోవచ్చు, ఆలోచించడమనే విద్య నాకు వస్తే. సంచిలో రెండు దరఖాస్తులున్నాయి. ఒకటి ఈ బడిది. ఇంటి నుంచి ఎనిమిది నిమిషాల నడక, పాప అడుగులతో అయితే పన్నెండు, దారిలో పిల్లి కనిపిస్తే ఇక లెక్కే లేదు. రెండోది పెద్ద స్కూలుది. నాలుగు అంతస్తులు, ఒకటో తరగతికే ఆరు సెక్షన్లు, పొద్దున బస్సు వచ్చి ఎక్కించుకుంటుంది, సాయంత్రం దింపేస్తుంది, కాగితాలు ఒక కిటికీలోంచి తీసుకుంటారు, కిటికీ అవతలి మనిషి తలెత్తి చూడడు. నిజం చెప్పాలంటే ఆ తలెత్తకపోవడమే నాకు నచ్చింది. ఇక్కడ పెద్ద టీచరుగారు ప్రతి కాగితమూ తనే చదువుతారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మరీ చదువుతారు, పవరు మైనస్ నాలుగు పైనే ఉంటుంది ఆవిడకి, కళ్ళద్దాల షాపు కళ్ళు నావి, చూడగానే తెలిసిపోయింది. రెండు చోట్లా ఇవాళే ఆఖరు రోజు. మా ఆయనను అడిగితే, నలుగురూ తెలిసిన చోట పిల్ల పెరిగితే మంచిదన్నాడు, ఆ తర్వాత నా మొహం చూసి, నీ ఇష్టం అన్నాడు. నీ ఇష్టం అన్న మాటంత కష్టమైన మాట ఇంకోటి లేదు. ఫోన్ చేద్దామంటే ఆయన లిఫ్టు మెకానిక్కు, ఈ వేళప్పుడు ఏ పదో అంతస్తుకీ పదకొండో అంతస్తుకీ మధ్య గొయ్యిలో వేలాడుతూ ఉంటాడు, సిగ్నల్ ఉండదు. నేనూ అంతే, మధ్యలోనే ఉన్నాను, నాకు మాత్రం ఈ వేలాడటానికి జీతం లేదు.

ఈ బడిలో వింత ఏమిటంటే, పిల్లకు పరీక్ష పెట్టరు. ఒక గంట తరగతిలో కూర్చోబెడతారు. బడికి పిల్ల నచ్చిందా అని కాదట, పిల్లకు బడి నచ్చిందా అని. ఆ గంటా వచ్చిన పెద్దవాళ్ళను ఊరికే కూర్చోనివ్వరు. పెద్ద టీచరుగారు నా చేతిలో ఒక కత్తెర, ఒళ్ళో ఒక గోధుమరంగు కాగితాల చుట్ట పెట్టి, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయమ్మా అని, పాపను ఇక్కడ చేరుస్తానో లేదో కూడా అడగకుండా వెళ్ళిపోయారు. వరండాలో నాతోపాటు ఇద్దరున్నారు. ఒకాయన వీధి మలుపులో సెలూన్ నడుపుతాడు, వాళ్ళబ్బాయి మూడో తరగతి. కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఒక కన్ను మూసి, కరుకుమని ఒక్క కోతలో కోస్తాడు, గీత గీయడు. రెండో మనిషి రిటైరైన నర్సు, ఇద్దరు మనవరాళ్ళు చదువుతున్నారు, ఆవిడని అందరూ నర్సు మామ్మ అంటున్నారు, పిల్లలూ టీచర్లూ కూడా. ఆవిడకు ఇవాళ ఇక్కడ పనేమీ లేదట, ఇంట్లో తోచక వచ్చిందట. గోడ మీద ఒక నల్లబల్ల ఉంది, దాని మీద ఇవాళ రాని పిల్లల పేర్లు, పేరు పక్కనే ఎందుకు రాలేదో, ఆ పక్కనే సాయంత్రం ఎవరు వెళ్ళి చూసి వస్తారో. జ్వరం. జ్వరం. తాతయ్య పోయారు. అలిగింది. అలిగినందుకు కూడా ఒకరు వెళ్ళి చూసి వస్తారట. నాకు ముచ్చటేసింది, ఆ వెంటనే భయమేసింది, ఏది ముందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. నా పాప ఒకరోజు రాకపోతే ఈ నర్సు మామ్మ మా ఇంటి తలుపు తడుతుంది. లోపలికి వస్తుంది. హాల్లో గోడ మీద ఫొటో చూస్తుంది. ఆ అమ్మాయెవరు అంటుంది.

ఆ అమ్మాయి పాప వాళ్ళ అమ్మ. నేను కాదు. పాపకు మూడేళ్ళప్పుడు జ్వరంతో ఐదు రోజుల్లో పోయింది. నాలుగేళ్ళప్పుడు నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాను. ఇప్పుడు ఆరు. పాప నన్ను పిన్ని అంటుంది. వాళ్ళ నాన్నే నేర్పాడు, మొదటి రోజు, నన్నడక్కుండానే, నాకూ బాగానే అనిపించింది అప్పుడు. సవతి తల్లి అనే మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు, పేపరు మాత్రం వారానికోసారి అంటుంది, ఎక్కడైనా రోడ్డు వేయకపోతే ప్రభుత్వం సవతి తల్లి ప్రేమ చూపిస్తోందని రాస్తారు, నేను టీ తాగుతూ చదువుతాను, రోడ్డుకీ నాకూ సంబంధం ఏమిటో. పాత ఇంటి దగ్గర అందరూ తెలిసినవాళ్ళే. కూరగాయలమ్మాయికి తెలుసు, ఇస్త్రీ ఆయనకు తెలుసు, కింది వాటా వాళ్ళకు, పై వాటా వాళ్ళకు తెలుసు. పాప చిక్కితే నేను తిండి పెట్టడం లేదని, పాప లావెక్కితే నేను ఆడుకోనివ్వకుండా ఇంట్లో కుదేస్తున్నానని. ఒకరోజు మెట్ల మీద జారి కుడి కనుబొమ్మ చీరుకుపోయింది. మూడు కుట్లు. నేను చేతుల్లో వేసుకుని కిందికి పరుగెత్తుతుంటే, నా చున్నీ అంతా రక్తం, కింది వాటా ఆవిడ నా దారికి అడ్డం నిలబడి, నన్నడగలేదు, పాపనడిగింది, "పిన్ని కొట్టిందా?" అని. గొంతు తగ్గించి, ముద్దుగా. పాప ఏడుస్తూ తల అడ్డంగా ఊపింది. ఆవిడ నమ్మలేదు. నలుగురిలో ఉంటే మంచిదంటాడు మా ఆయన. ఆ నలుగురే కదా. అందుకే కదా సామాను కట్టుకుని ఎవరికీ తెలియని ఈ పేటకు వచ్చింది, అద్దె ఎక్కువైనా. వచ్చి పదకొండు నెలలు. ఇక్కడ నేను ఒక చెయ్యి పట్టుకుని నడిచే ఆడమనిషిని, అంతే, ఆ చెయ్యి ఎవరిదని ఎవరూ అడగలేదు. హాయిగా ఉంది. హాయేనా? పాపకు ఈ పదకొండు నెలల్లో ఒక్క స్నేహితురాలు లేదు. కిటికీలోంచి కిందికి చూస్తూ, ఆడుకునే పిల్లలకు తనే పేర్లు పెట్టుకుంటుంది. ఎర్ర గౌను, పరుగుల పిల్ల, ముక్కు చీది. వాళ్ళలో ముక్కు చీది ఇందాక తరగతి గుమ్మం దగ్గర కనిపిస్తే పాప నా చెయ్యి గట్టిగా నొక్కింది, సినిమా నటుణ్ణి చూసినంత సంబరంగా.

ఇదుగో, మళ్ళీ మడత తప్పాను. మూలలు లోపలికి మడిచి, వెన్ను దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పు వదలాలని సెలూన్ ఆయన చూపించాడు, నేను కళ్ళద్దాల షాపులో రోజంతా మిల్లీమీటర్లు కొలుస్తుంటాను, నాకు ఈ కాగితం లొంగడం లేదు. ఇందాకటి నుంచీ ఇంతే. అసలు ఆ నర్సు మామ్మకు ఎందుకు చెప్పాను. అట్టలు వేసుకునే మనిషి అట్టలు వేసుకోక, ఆవిడ నా కేసి వంగి, "పాప నీ పోలికా, వాళ్ళ నాన్న పోలికా?" అంది. వాళ్ళ నాన్న పోలికేనండీ అన్నాను. అది నిజమే. అక్కడితో ఆగొచ్చు. కానీ ఆవిడ నర్సు, ఆగదు, నలభై ఏళ్ళు కాన్పుల వార్డులో చేసిందట, ఎవరు కనబడినా కాన్పు సంగతే అడుగుతుంది, నేను మనుషులను చూడగానే పవరెంత ఉంటుందా అనుకున్నట్టు. కాన్పు మామూలుదా, ఆపరేషనా అంది. ఆపరేషన్ అన్నాను. నోరు తనంతట తనే తెరుచుకుంది. మత్తు నడుముకిచ్చారా, పూర్తిగా ఇచ్చారా అంది. గుర్తులేదన్నాను. అదెలా మరిచిపోతావమ్మా అని నవ్వి, చేతిలో పుస్తకం దించి, నన్ను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. పరీక్ష చేసే చూపు. సెలూన్ ఆయన కత్తెర కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. నేను గ్లూ సీసా కోసం వెతికాను, అది నా ఒళ్ళోనే ఉంది.

ఇంతకీ ఎంత తెలివితక్కువ పనో చూడు. ఈ దరఖాస్తుతో పాటు బర్త్ సర్టిఫికెట్టు జతచేయాలి. అందులో తల్లి పేరు అచ్చువేసి ఉంది, నాది కాదు. అది ఈ సంచిలోనే ఉంది. పన్నెండింటికి పెద్ద టీచరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని చదువుతారు. నర్సు మామ్మ ఆవిడ పక్కనే కూర్చుని ఉంటుంది, ఎందుకంటే ఈ బడిలో ఎవరైనా ఎవరి పక్కనైనా కూర్చుంటారు. మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇది పృథివి దాకా అక్కర్లేదు, ఈ వరండా దాటితే చాలు. లేచి వెళ్ళిపోవచ్చు. పాపను పిలుచుకుని, తలనొప్పిగా ఉందనో ఏదో చెప్పి, ఆటో ఎక్కితే పన్నెండున్నరకల్లా ఆ పెద్ద స్కూలు కిటికీ దగ్గర ఉంటాను, వాళ్ళు ఒంటి గంటదాకా తీసుకుంటారు. కాగితంలో ఏ పేరున్నా వాళ్ళు ముద్ర వేసి పక్కన పడేస్తారు. పాప బస్సెక్కి వెళ్ళి బస్సెక్కి వస్తుంది, అలిగినా ఎవరూ రారు. ఇక్కడ ఉందామంటే ఒక బాధ, పోదామంటే ఇంకో బాధ, అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకిప్పుడు వేరే చెప్పక్కర్లేదు. నాకేం కావాలో నాకు తెలియాలి కదా ముందు. పాపకు నలుగురు కావాలి, నాకు వద్దు. లేదా నాకూ కావాలా? షాపులో రోజూ పాతిక మంది మొహాలు పట్టుకుంటాను, చెవుల వెనుక వేళ్ళు పెట్టి జోడు సరిచేస్తాను, వాళ్ళ ఊపిరి నా మొహానికి తగులుతుంది, అయినా సాయంత్రం వీధిలో కనబడితే పలకరించరు, కళ్ళద్దాలున్నా గుర్తుపట్టరు. నేనూ పలకరించను. ఇందాక సెలూన్ ఆయన, మీరు షాపులో మా నాన్నగారి జోడు ముక్కు దగ్గర సరిచేశారండీ, డబ్బులు తీసుకోలేదు అన్నాడు. అది ఎప్పుడో చలికాలం సంగతి. అంటే చూస్తూనే ఉన్నారన్నమాట. పదకొండు నెలలుగా నేను దాక్కున్నాననుకున్నది నేనొక్కదాన్నే.

ఇదంతా ఒక ఎత్తు. పొద్దున గేటు దగ్గర చేసింది ఒక ఎత్తు. అది తలుచుకోకూడదనే ఇంతసేపూ పుస్తకాలూ పోకచెక్కలూ అంటున్నాను. పాప బూటు లేసు కడుతూ, తల ఎత్తకుండా, లోపల ఎవరైనా ఉన్నప్పుడు నన్ను అమ్మా అని పిలువు అన్నాను. పాప కాలు కొంచెం వెనక్కి తీసుకుంది. లేసు గట్టిగా అయిందా అన్నాను. లేదంది. తర్వాత, మరి ఇంట్లో? అంది. ఇంట్లో నీ ఇష్టం, బయట మాత్రం అమ్మా అను అన్నాను. నీ ఇష్టం. మా ఆయన నాకిచ్చింది నేను పాపకిచ్చాను. పాప బుద్ధిగా తల ఊపింది, రోడ్డు దాటేటప్పుడు కుడివైపూ ఎడమవైపూ చూడాలని చెబితే ఊపినట్టు. నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఇంకా ఎక్కువ వేస్తోంది. ఎందుకంటే అది నలుగురి కోసం మాత్రమే కాదు. రెండేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం నా చెవులు కాచుకుని ఉన్నాయి. కుట్లు వేయించుకున్న రాత్రి పాప నిద్రలో అమ్మా అంది, నేను గభాలున లేచి, ఏం నాన్నా అన్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, "నువ్వు కాదు పిన్నీ" అంది, తప్పు పట్టి కాదు, నాకు లేచే శ్రమ లేకుండా చేద్దామని. ఆ శ్రద్ధకే నాకు ఏడుపొచ్చింది. అడిగి తీసుకోకూడనిదాన్ని ఇవాళ గేటు దగ్గర అడిగి తీసుకున్నాను. పెద్ద స్కూలైనా, ఈ బడైనా, ఇదైతే నేను చేసేశాను, దీన్ని ఏ కిటికీలో ఇచ్చేయాలి.

ఒకటో తరగతి తలుపు తెరుచుకుని టీచరు బయటికి వచ్చింది. చిన్న పిల్ల, ఇరవై మూడో ఇరవై నాలుగో, చేతులనిండా సుద్ద. పాప ఏడుస్తోందా అని లేవబోయి అట్టల మీద కాలేశాను. ఏడవడం లేదట. బాగానే ఉందట, ముక్కు చీది పక్కన కూర్చుందట, అంటే ఆమె ఆ పేరు అనలేదు, వేరే పేరేదో అంది. కొత్తగా వచ్చిన పిల్లలను మధ్యలో నిలబెట్టి, మీ ఇంట్లో ఎవరెవరుంటారో చెప్పమని పిల్లలందరూ కలిసి అడుగుతారట, అలా అందరికీ తెలిసిపోతుందట. నాన్న అని చెప్పి ఆగిపోయిందట పాప. ఎంత అడిగినా తర్వాత మాట రాలేదట. ఆ తర్వాత టీచరు దగ్గరికి వచ్చి చెవిలో ఏదో అడిగిందట. "నాకు అర్థం కాలేదండీ," అంది టీచరు, నవ్వాలో వద్దో తెలియని మొహంతో. "టీచర్, బడి అంటే బయటా, ఇల్లా అంటోంది. ఏది చెబితే అది చెప్తానంటోంది. ఏం చెప్పమంటారు?"

నర్సు మామ్మ పుస్తకం పక్కన పెట్టింది. సెలూన్ ఆయన కాగితం మీంచి కన్ను ఎత్తలేదు, కోయడమూ లేదు. నేను ఏమీ ఆలోచించలేదు, ఇంతసేపూ ఆలోచించినందుకు ఆ ఒక్క క్షణం మినహాయింపు దొరికినట్టుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ. "నేను వాళ్ళమ్మను కాదండీ. పిన్నిని. వాళ్ళమ్మ పోయింది. బయట అమ్మా అని పిలవమని పొద్దున నేనే చెప్పాను, అందుకే పాపకు తెలియడం లేదు" అన్నాను. టీచరు ఓహో అంది, అంతకంటే ఏమనాలో ఆ వయసులో ఎలా తెలుస్తుంది, సుద్ద చేతులు చీరకు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. నర్సు మామ్మ, మత్తు ఎక్కడిచ్చారో మరిచిపోయిన బాలింతను నలభై ఏళ్ళలో చూడలేదమ్మా, అప్పుడే అనుకున్నాను అంది. కోపంగా అనలేదు. జాలిగానూ అనలేదు. ఆ రెండిట్లో ఏదో ఒకటి అయితే బాగుండుననిపించింది నాకు, కనీసం ఎలా ఉండాలో తెలిసేది. ఆవిడ ఇంకో పుస్తకం తీసుకుని, మడత సరిగ్గా పెట్టు, వెన్ను దగ్గర చిరుగుతుంది అంది. సాయంత్రానికి ఈ పేట మొత్తానికి తెలుస్తుంది. సెలూన్‌లో తెలిసింది దాగదు, దాచడం సెలూన్ పని కాదు. దరఖాస్తు తీశాను, ఏ దరఖాస్తో చూడకుండానే తీశాను, చూస్తే ఈ బడిదే. పాపకు మీరేమవుతారు అన్న చోట పిన్ని అని రాశాను. రాసి, తప్పు చేశానా అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను. రేపు పాప మోకాలు దోక్కుపోతే ఈ వరండాలోనే ఎవరో ఒకరు గొంతు తగ్గించి, ముద్దుగా, అదే మాట అడగొచ్చు. అడుగుతారు కూడా. అప్పుడు పాప తల అడ్డంగా ఊపుతుంది. ఈసారి ఎవరైనా నమ్ముతారో లేదో నాకు తెలియదు.

తరగతి వదిలారు. పిల్లలు వరండా నిండా పడ్డారు, అట్టలు తొక్కారు, సెలూన్ ఆయన వాళ్ళబ్బాయిని చెవి పట్టుకుని పక్కకు లాగాడు. గుంపు చివర పాప, జుట్టుకున్న క్లిప్పు జారిపోయి, ముక్కు చీది చెయ్యి పట్టుకుని. నర్సు మామ్మ చూపు తిన్నగా పాప కుడి కనుబొమ్మ మీదికి, ఆ మచ్చ మీదికి వెళ్ళింది. నేను చూశాను. నేను చూడడం ఆవిడా చూసింది. పాప ఆగి, నన్ను చూసి, నా పక్కనున్న ఇద్దరినీ చూసి, ఎవరెవరున్నారో లెక్కపెట్టుకున్నట్టు చూసి, ఇది బయటేనని తేల్చుకుని, పొద్దున చెప్పింది గుర్తుపెట్టుకున్న పిల్లలా, అందరికీ వినపడేలా, "అమ్మా" అంది.

రెండేళ్ళు. ఎలా ఉంటుందో ఎన్నిసార్లు అనుకున్నానో, ఇలాగే ఉంది, ఇంతకంటే బాగుంది, ఒళ్ళంతా పాకింది. ఒక్క క్షణం అలా ఉంచేసుకుందామనుకున్నాను. ఎవరూ ఏమీ అనరు, పెద్దవాళ్ళు కదా, తెలిసినా ఊరుకుంటారు. పాప నా మొహంలోకి చూస్తోంది, సరిగ్గా చెప్పానా అన్నట్టు. నేను కిందికి వంగి, జారిన క్లిప్పు తీసి మళ్ళీ పెట్టాను.

"పిన్ని అనే పిలువు, బంగారం."

"ఇక్కడ కూడానా?"

"ఇక్కడ కూడా."

పాప భుజాలు కిందికి దిగాయి, బరువు సంచీ ఎవరో అందుకున్నట్టు. పక్కనున్న పిల్ల వైపు తిరిగి, మా పిన్ని అంది, మా అమ్మ ఇంట్లో గోడ మీద ఉంటుంది, రేపు వస్తే చూపిస్తాను అంది.